తెల్లకోట్లు

జూన్ 4
మా ఆయన మళ్ళీ దారిలో ఆగిపోయారు. మా కుట్టుషాపు తాళం వేసి పది అడుగులు వేశామో లేదో, పిక్క పట్టుకుని గోడకి ఆనుకున్నారు. నడిస్తే పట్టేస్తుంది, ఆగితే తగ్గుతుంది. చెప్పుల తప్పట. ఈ ఏడాది చెప్పులు మార్చడమే సరిపోయింది. ఆడలేక మద్దెల ఓడంటే ఇదే.

జూన్ 9
డాక్టరు దగ్గరికి లాక్కెళ్ళాను. పాదం మీద నాడి అందలేదు. స్కాన్ తీశారు. తొడలో రక్తనాళం దాదాపు మూసుకుపోయిందట. ఇలాగే వదిలేస్తే కాలు తీసేయాల్సి రావచ్చన్నారు, సిగరెట్లు ఈ రోజే మానమన్నారు.

ఇంటికొచ్చాక సిగరెట్ పెట్టె ఆయనే చెత్తబుట్టలో పడేశారు. నేను చూడనట్టు కాజాలు కుట్టుకుంటూ కూర్చున్నాను.

జూన్ 16
స్టెంట్ వేశారు. పెద్ద కోతేం లేదు. గజ్జ దగ్గర చిన్న రంధ్రంలోంచి సన్నటి గొట్టం పంపి, బుడగ ఉబ్బించి నాళాన్ని వెడల్పు చేసి, మళ్ళీ ముడుచుకోకుండా జాలీ గొట్టం ఒకటి నిలబెట్టారట. పైజామా నాడాపట్టీ సాఫు చేసినట్టే కదా అని ఈయన నర్సుకి పాఠం చెప్పారు. దర్జీ బుద్ధి ఎక్కడికి పోతుంది!

జాలీ దారి తెరిచి ఉంచుతుందంతే, జబ్బుని పోగొట్టదన్నారు డాక్టరు. రక్తం గడ్డకట్టకుండా ఇచ్చిన మాత్రలు తనని అడక్కుండా ఒక్క పూట కూడా ఆపొద్దన్నారు.

సాయంత్రం దుప్పటి ఎత్తి పాదం పట్టుకున్నాను. వెచ్చగా ఉంది. నా ప్రాణం లేచొచ్చింది.

జూలై 2
మార్కెట్ దాకా ఆగకుండా నడిచారు. నేనే ఆగాను. నీకూ ఒక స్టెంట్ వేయించనా అన్నారు. వెటకారం కూడా తిరిగొచ్చింది.

జూలై 11
ఆస్పత్రి పెద్ద నర్సమ్మ తెల్లకోట్ల ఆర్డర్ ఇచ్చింది. పెద్ద ఆర్డరే. కానీ ఆ మాత్రలతో, వేలికి సూది గుచ్చుకుంటే రక్తం ఓ పట్టాన ఆగదు. కోట్ల మీద ఎర్రచుక్కలు. చన్నీళ్ళలో ఉతికీ ఉతికీ విసుగొచ్చింది. మరకపడ్డ పని చేతికిస్తే ఇన్నాళ్ళ పరువు ఏమవుతుందని ఆయన దిగులు.

జూలై 15
ఒక్క మరకా లేదు. మెచ్చుకున్నాను. తలెత్తలేదు. మురిసిపోతున్నారనుకున్నాను.

జూలై 17, ఉదయం
కోట్లు మడతపెడుతున్నాను. మల్లెపువ్వుల్లా ఉన్నాయి. నిన్న నా కళ్ళముందే సూది గుచ్చుకుంది, వేలు ఒకసారి చప్పరించి పనిలో పడ్డారు. మరి చుక్కేది?

మిషన్ సొరుగు లాగి మాత్రల అట్ట చూశాను. కొన్నాళ్ళుగా ముట్టుకోలేదు. నిలదీస్తే, కోట్లు అప్పజెప్పాక మళ్ళీ మొదలెడదామనుకున్నాను, కాలు బాగానే ఉంది కదా అన్నారు. వంగి పాదం పట్టుకున్నాను. చల్లగా ఉంది. గుడ్డకి మరకవుతుందని కాలు వదులుకునే మనిషిని ఎక్కడైనా చూశామా! ఆటో పిలిచాను.

జూలై 17, సాయంత్రం
జాలీలో గడ్డ కట్టిందట. కరిగించే మందు సన్నటి గొట్టంలోంచి ఎక్కిస్తున్నారు. కరగకపోతే ఏమిటని నేను అడగలేదు. భయమేస్తోంది.

జూలై 18
కరిగింది. కాలు దక్కింది. డాక్టరు చెడామడా తిట్టారు. మిగిలింది నేను తిట్టాను.

మరకల గొడవంతా చెప్పి, కోట్లు కుట్టలేమని పెద్ద నర్సమ్మకి ఆర్డర్ తిరిగిచ్చేశాను. ముందే చెబితే మరక కనపడని ఆపరేషన్ గది ఆకుపచ్చ బట్టలు ఇచ్చేదాన్ని కదమ్మా అంది.

జూలై 24
ఆయన నాతో మాట్లాడటం లేదు. అడక్కుండా ఆర్డర్ తిరిగిచ్చానని అలక. అలగనీ. రెండు కాళ్ళ మీద నిలబడి ఎంతసేపు అలిగినా నాకిష్టమే.

జూలై 26, ఉదయం
తనే వచ్చి మాత్ర వేసుకున్నానన్నారు. నమ్మలేదు. నోరు తెరవమన్నాను. తెరిచారు. నాలుక ఎత్తమన్నాను. ఎత్తారు. ఏమీ లేదు. నాకు నవ్వొచ్చింది. నవ్వుతూ నవ్వుతూ ఏడ్చేశాను. ఇక చాల్లెండని నేననేదాకా, పాపం, నోరు తెరుచుకునే నిలబడ్డారు.