పదిహేడు వేల కిలోమీటర్ల ఇంజిన్

నవంబర్ 30, శనివారం

మళ్ళీ మంచు. ఆయన క్లినిక్‌కి వెళ్ళారు, కారు ఆయనతోనే వెళ్ళింది. ఈ ఊరికి ఆయనొక్కరే డాక్టరు, మా ఇంటికి ఒక్కటే కారు — ఎవరికి ఎప్పుడు నొప్పి వస్తుందో తెలియదు కాబట్టి కారు ఇంట్లో ఉండదు. నేను ఉంటాను.

ఆయన కాంట్రాక్టు ఇంకా రెండేళ్ళ నాలుగు నెలలు. ఈ ఇంటికి కిటికీలు పదకొండు. లెక్కపెట్టడం మానుకోవాలి.

డిసెంబర్ 3

ఫోన్. సరస్సు అవతలి ఊళ్ళో స్కూల్ ప్రిన్సిపాల్. ఎనిమిదో తరగతి పిల్లలకు లెక్కల్లో సాయం చేసే ఉద్యోగం — నాకే ఇస్తారట. జనవరి ఆరున మొదలు.

ఫోన్ పెట్టేశాక వంటింట్లో ఊరికే అటూ ఇటూ తిరిగాను. నరసరావుపేటలో పాలిటెక్నిక్‌లో ఉద్యోగం వదిలాక మళ్ళీ ఎవరికీ పాఠం చెప్పలేదు. సుద్దముక్క పట్టుకుని ఎన్నాళ్ళయిందో.

"ఎలా వస్తారు?" అని చివర్లో ప్రిన్సిపాల్ అడిగింది. వస్తాను అన్నాను. ఎలాగో చెప్పలేదు.

డిసెంబర్ 4

రోడ్డు మీద చుట్టూ తిరిగితే రెండు గంటలు. సరస్సు మీద అడ్డంగా పడితే పదహారు కిలోమీటర్లు. నెలాఖరుకి ఐసు గట్టిపడ్డాక ఇక్కడివాళ్ళంతా అలాగే వెళ్తారు, మంచు మీద పోయే మోటారు బండి, స్నోమొబైల్ మీద. స్లెడ్ అంటారు దాన్ని.

ఆయనతో చెప్పాను. ఇడ్లీ తింటూ, తల ఎత్తకుండా — "మధ్యలో ఆగిపోతే? అక్కడ సిగ్నల్ కూడా ఉండదు సుధా."

"ఆగని బండి కొంటానండీ."

"ఆగదని నీకెలా తెలుస్తుంది?"

అన్నయ్య స్కూటర్ షెడ్డులో పెరిగినదాన్ని అడగాల్సిన మాటేనా అది? పెళ్ళయి తొమ్మిదేళ్ళు. ఆయన ఆ సంగతే మరిచిపోయారు. కోపం వచ్చింది. గిన్నెలు చప్పుడయ్యేలా కడిగాను.

డిసెంబర్ 7, శనివారం

పక్క వీధిలో రే ఇంటికి నడిచి వెళ్ళాను. స్కూల్ బస్సు నడిపి రిటైరయిన ముసలాయన, తన స్లెడ్ అమ్ముతున్నాడు. టూ స్ట్రోక్. పదిహేడు వేల కిలోమీటర్లు — మీటరు దాచలేదు, ముందు అదే చూపించాడు. కడిగి, తుడిచి, పెళ్ళిచూపులకు కూర్చోబెట్టినట్టు పెట్టాడు.

తాడు ఒక్కసారి లాగగానే స్టార్టయింది. సంతోషపడబోయి, పైమూత మీద చెయ్యి వేశాను. వెచ్చగా ఉంది. నేను రాకముందే ఓసారి నడిపాడన్నమాట.

"చలి కదా, నీకు కష్టం కాకూడదని…" అన్నాడు. మంచితనమో, గడుసుతనమో. ఆ ముఖంలో రెండూ ఒకేలా ఉంటాయి.

రేపు వస్తాను, అందాకా ముట్టుకోవద్దు అన్నాను. నవ్వాడు.

డిసెంబర్ 8

మైనస్ ఇరవై ఆరు. ఇంజిన్ చల్లగా, ఐసులా ఉంది. రే ముట్టుకోలేదు, మాట మీద నిలబడ్డాడు. నాలుగుసార్లు లాగితే గానీ అందుకోలేదు.

అన్నయ్యకి వీడియో కాల్ చేసి వినిపించాను. ఫోన్‌కి తెలివెక్కువ — ఇంజిన్ చప్పుడుని అనవసరపు గోల అనుకుని తీసేసి, నా గొంతు మాత్రమే పంపింది. "నువ్వు వణకటం ఒక్కటే వినపడతందే" అన్నాడు. రికార్డు చేసి మళ్ళీ పంపాను.

"పదిహేడు వేలంటే మన స్కూటర్‌కి చిన్నతనం బుజ్జీ. ఇదేమో నిమిషానికి ఎనిమిదివేలు తిరిగే బండంటున్నావు, దీనికి ముసలితనమే. అయినా మీటర్‌తో పనేముంది, ఎట్టా తిరిగిందో అడుగు. సైలెన్సర్ ఇప్పించి, లోపలికి లైటేసి పిస్టన్లు చూడు. నిలువు గీతలుంటే మాత్రం వొదిలెయ్."

ఎలా తిరిగిందని రేని అడిగాను. సరస్సు మీద చేపలు పట్టే గుడిసెకి, ఒకే దారి, ఒకే వేగం, ఇంజిన్ వేడెక్కనిచ్చాకే బయల్దేరేవాడట. నమ్మాలనిపించింది.

సైలెన్సర్ రేనే విప్పాడు. ఎడమ పిస్టన్ నున్నగా ఉంది. కుడిదాని మీద సన్నటి గీతలు, వెంట్రుకల్లా. మసి కూడా కావచ్చు…

అన్నయ్యకి ఎడమదాని ఫోటో ఒక్కటే పంపాను.

డిసెంబర్ 14

రే దగ్గర కంప్రెషన్ గేజి ఉంది. ప్లగ్గు తీసి ఆ కన్నంలో బిగించి తాడు లాగితే, సిలిండర్ ఎంత ఒత్తిడి నిలుపుకుంటుందో చెబుతుంది. రెండు సిలిండర్లూ దాదాపు సమానంగా ఉండాలి.

ఎడమ నూట ఇరవై. కుడి నూటొకటి. మూడుసార్లు చూశాను. మూడుసార్లూ అంతే.

ఈసారి అన్నయ్యకి నిజమే చెప్పాను. "కుడిదాంట్లో పిస్టన్ రింగులు అరిగినయ్. ఇంకో సీజన్ లాగొచ్చు, ఇంకో వారమే లాగొచ్చు. నేనైతే కొనను. నువ్వెళ్ళేది బజారుకి కాదు గదమ్మా."

వేరే స్లెడ్లు ఎడ్మంటన్‌లో ఉన్నాయి. ఆరు గంటల ప్రయాణం. ఆయనకి సెలవు ఫిబ్రవరిలో.

డిసెంబర్ 16

ప్రిన్సిపాల్ ఈమెయిల్. ఇరవై ఐదో తేదీలోపు ఖాయంగా చెప్పాలట. లేకపోతే ఇంకొకరున్నారు.

డిసెంబర్ 17

రోజంతా పడక మీదే. ఆయనకి తలనొప్పి అని చెప్పాను. మాత్ర ఇచ్చారు.

డిసెంబర్ 21, శనివారం

"వారాంతం ఉంచుకో, నడిపి చూసి చెప్పు" అని రే బండి ఇచ్చాడు, గేజితో సహా. ట్యాంకు అడుగంటి ఉంటే నేనే పెట్రోలు పోశాను. ఒడ్డు వెంబడి రెండొందల మీటర్లు పోయానో లేదో — పొగ, దగ్గు, ఆగిపోయింది.

కిటికీలోంచి చూసి ఆయన బూట్లు వేసుకుని వచ్చారు. ఇద్దరం గరాజ్ దాకా తోశాం. "చూశావుగా" అన్నారు, మెల్లగానే. అరిచి ఉంటే నేనూ అరిచేదాన్ని. మెల్లగా అనేసరికి ఏడుపొచ్చింది.

డిసెంబర్ 22

ప్లగ్గులు విప్పాను. రెండూ నూనెలో ముంచి తీసినట్టు ఉన్నాయి. అప్పుడు బుర్రలో వెలిగింది. నిన్న పెట్రోల్లో ఆయిలు కలిపి పోశాను — చేతి అలవాటుగా, షెడ్డులో వేలసార్లు కలిపినట్టే. ఈ బండికి ఆయిలు ట్యాంకు వేరే ఉంది, కావలసినంత తనే కలుపుకుంటుంది. దానికి రెండింతలు తాగించి దాన్నే తప్పుపట్టాం. షెడ్డు పిల్లనని నాకున్న పొగరు దిగిపోయింది.

ట్యాంకు ఖాళీ చేశాను. మంచి పెట్రోలు, కొత్త ప్లగ్గులు. బిగించేముందు, ఊరికే, గేజి పెట్టి చూశాను.

ఎడమ నూట ఇరవై రెండు. కుడి నూట ఇరవై.

ఎందుకో నాకు తెలుసు. లోపల మిగిలిన ఆయిలు అరిగిన రింగుల సందుల్ని మూసింది. ఒకటిన్నర ట్యాంకు తిరిగితే ఆ ఆయిలంతా కాలిపోయి, అసలు సంగతి బయటపడుతుంది. పాత స్కూటర్ అమ్మేముందు కొందరు కావాలనే ప్లగ్గు కన్నంలో నాలుగు చుక్కల ఆయిలు పోసేవాళ్ళు. అన్నయ్య వాళ్ళని షెడ్డు మెట్లెక్కనిచ్చేవాడు కాదు.

ఆయన టీ కప్పుతో వచ్చారు. "తప్పు బండిది కాదండీ, నాదే, ఆయిలు కలిపాను" అన్నాను. అది నిజమే.

"మరి ఇప్పుడెంత చూపిస్తోంది?"

గేజి చేతికిచ్చాను. కళ్ళజోడు సర్దుకుని, ఎవరిదో బీపీ చూసినట్టు శ్రద్ధగా చూశారు. "రెండూ సమానమేగా."

"సమానమే."

"అయితే సరే. ఇంజిన్ల సంగతి నీకు తెలుసు కదా."

తొమ్మిదేళ్ళలో మొదటిసారి అన్నారు ఆ మాట. సంతోషించాల్సింది.

డిసెంబర్ 24

స్కూల్‌కి వస్తున్నానని రాశాను. రేకి బండి తీసుకుంటానని చెప్పాను. "కుడిది చూశావు కదా?" అన్నాడు. నిజాయితీపరుడే, అనవసరంగా అనుమానించాను. చూశాను అన్నాను.

డిసెంబర్ 29

ఐసు గట్టిపడింది. దారి తెలిసేలా కొంత దూరానికో స్ప్రూస్ చెట్టు కొమ్మ పాతారు. ఆయన్ని వెనక కూర్చోబెట్టుకుని మూడు కిలోమీటర్లు వెళ్ళి వచ్చాను. నా నడుం గట్టిగా పట్టుకుని, భయంతోనో సరదాతోనో నవ్వుతూనే ఉన్నారు. ఆ కాసేపు నేను ఏ ఇంట్లోనూ లేను.

అన్నయ్య మెసేజ్ — ఏ బండి కొన్నావ్?

జవాబివ్వలేదు.

జనవరి 3

రోజూ ఒడ్డు వెంబడి నడుపుతున్నాను. రెండో ట్యాంకు సగానికి వచ్చింది. పొగ లేదు. ఆయిలు కాలిపోయి ఉంటుంది.

జనవరి 5, ఆదివారం

రేపు పొద్దున మైనస్ ముప్పై ఒకటట.

గేజి ఇంకా గరాజ్‌లోనే ఉంది. ప్లగ్గు విప్పి, గేజి బిగించి, నాలుగుసార్లు తాడు లాగితే చాలు, పది నిమిషాల పని. ప్లగ్గు స్పానర్ తీసుకుని బండి పక్కన కూర్చున్నాను. నూటొకటి అని చూపిస్తే ఆయనకి చెప్పాలి. చెబితే ఇక ఈ ఇల్లే, రెండేళ్ళ మూడు నెలలు. తొంభై చూపిస్తే…

స్పానర్ పెట్టెలో పెట్టేశాను. గేజి తుడిచి తీసుకెళ్ళి రేకి ఇచ్చేశాను.

"మళ్ళీ చూశావా?" అన్నాడు.

అవునని తల ఊపాను.

ఇంటికొచ్చేసరికి ఆయన వంటింట్లో నాకోసం ఫ్లాస్కు కడుగుతున్నారు. రేపు ఏడున్నరకి ఒడ్డు దాకా వస్తారట, నేను కనబడకుండా పోయేదాకా నిలబడతారట. వద్దని చెప్పాలి. ఆయన అక్కడ నిలబడి చూస్తుంటే నేను తాడు లాగలేను.