కాఫీ మానేసే వారం

చందానగర్,
శుక్రవారం.

వదినగారికి నమస్కారాలు.

ఫోన్లో అయితే ఇద్దరం "బాగానే ఉన్నాం" అనుకుని పెట్టేస్తాం. అందుకే రాస్తున్నాను.

మీ తమ్ముడి పెద్దకర్మ అయిన మర్నాడే నేను ఆఫీసుకి వెళ్తే మీరంతా ఆశ్చర్యపోయారు. అప్పట్నుంచి అక్కడి మిషన్ కాఫీ మీదే నడుస్తున్నాను. సరైన నిద్ర లేదు. ఏడుపు కూడా రాలేదు.

మొన్న కొత్తగూడ చౌరస్తాలో పచ్చలైటు పడినా నేను స్కూటీ కదపలేదు. వెనక కూర్చున్న మా ఉమాశ్రీ నా భుజం పట్టుకుని కుదుపుతోందట, నాకు తెలియలేదు. ట్రాఫిక్ పోలీసమ్మ వచ్చింది.

"ఏందమ్మా, నిద్రపోతున్నవా?"

"లేదండి, మెలకువగానే ఉన్నాను."

"మరి పాప గంతగనం ఏడుస్తుంటే వినొస్తలేదా?"

ఆ సాయంత్రమే డాక్టరు గారి దగ్గరికి వెళ్లాను. మనం అలసిపోయేకొద్దీ మెదడులో ఒక పదార్థం పోగై, ఇక పడుకోమని చెబుతుందట. కాఫీ వెళ్లి దాని చోట్లో కూర్చుంటుందట. కబురు అందదు గానీ అలసట ఎక్కడికీ పోదన్నారు. మెల్లగా తగ్గించుకుంటూ మానేయమన్నారు. కొన్నాళ్లు తలనొప్పి, విపరీతమైన నిద్ర ఉంటాయట.

సోమవారం నుంచి మొదలుపెడుతున్నాను. మీరు రాగలరా? పాపని స్కూలుకి పంపడానికని అన్నయ్యగారితో చెప్పండి.

తలనొప్పంటే నాకు భయం లేదు. కంటినిండా నిద్రపోయి లేచిన పొద్దున, ఆయన లేరన్న సంగతి నాకు మొదటిసారి తెలుస్తుందేమో. అప్పుడు పక్కన మీరుండాలి.

మీ మరదలు.