నుదుటి మీద చల్లటి వేలు

అక్కా,

కుట్టుమిషన్ ఆపి, నింపాదిగా చదువు.

నోట్లో ముద్ద నోట్లోనే పెట్టుకుని ఎటో చూస్తానని చిన్నప్పటినుంచీ నన్ను ‘పరధ్యానం’ అని పిలిచి నవ్వేవాళ్ళుగా. అది పరధ్యానం కాదట. మూర్ఛట. కిందపడి కొట్టుకుంటేనే మూర్ఛ అనుకునేదాన్ని నేనూ. కళ్ళజోళ్ళ దుకాణంలో ఒక పెద్దాయనకి అద్దాలు మార్చి చూపిస్తూ మధ్యలో ఎక్కడికో వెళ్ళిపోయాను. తేరుకునేసరికి, “నాకు బాగానే కనిపిస్తోందమ్మాయ్, నీకు కనిపిస్తోందా?” అంటున్నాడాయన.

ఏడాదిగా నీకు చెప్పకుండా మందులు మింగుతున్నాను. మార్చి మార్చి ఇచ్చినా లొంగలేదు. మెదడుకి స్కాన్ తీశారు. ఆ గొట్టంలో డబడబా మోతల మధ్య కూడా నిద్రపోయాను, నా సంగతి తెలుసుగా. చెవికి లోపలగా, జ్ఞాపకాలకి పనికొచ్చే చోట, ఒక పక్క ముడుచుకుపోయి తెల్లగా ఉంది. పాత మచ్చట. “ఆ కాస్త తీసేస్తే తగ్గే అవకాశం బాగా ఉంది” అంది డాక్టరమ్మ.

నేను వద్దన్నాను. ఎందుకో ఆవిడకి చెప్పలేదు. మూర్ఛ వచ్చేముందు ప్రతిసారీ గది నీళ్ళలో మునిగినట్టు మెత్తబడిపోతుంది. తడిగుడ్డ మీద ఇస్త్రీ పెట్టిన వాసన వస్తుంది. తర్వాత నుదుటి మీద ఒక చెయ్యి. అందులో ఒక వేలు మాత్రం చల్లగా తగులుతుంది. అమ్మే, అక్కా. అమ్మ ఉంగరం. అమ్మ పోయేనాటికి నేనింకా పాకుతున్నాను, ముఖం కూడా గుర్తులేదు. నాకు దక్కిన అమ్మ ఆ మచ్చలోనే ఉంది. కోయించుకోమంటావా? మొన్న రోడ్డు మధ్యలో ఆగిపోతే లారీవాడు బ్రేకు తొక్కి తిట్టిపోశాడు. అయినా నాకు వదులుకోవాలని లేదు.

నీ పరధ్యానం

ఒసే పరధ్యానం,

తిట్టకుండా ఎలా ఉంటానే? లారీ మాట చదివి, కుడుతున్న కోటుకి కుడిచెయ్యి ఎడమవైపు వేసి కుట్టేశాను.

కోపం తెచ్చుకోకుండా విను. అమ్మకి ఉంగరమే లేదు. అమ్మ పోయిన మరుసటి ఏడు నీకు జ్వరమొచ్చి ఒళ్ళు పెనంలా కాలింది. నాన్న మందుకోసం పరుగెత్తాడు. నేను నాన్న కుట్టిన బట్టలకి గుండీలు వేసి ఇస్త్రీ చేస్తున్నాను. ఉన్నట్టుండి నువ్వు బిగుసుకుపోయి కళ్ళు తేలేశావు. ఇస్త్రీపెట్టె తడిగుడ్డ మీదే వదిలేసి వచ్చి నీ నుదుటి మీద చెయ్యి వేశాను. సూది గుచ్చుకోకుండా తొడుక్కునే ఇత్తడి తొడుగు వేలికే ఉంది. తియ్యాలని తోచలేదు.

నీ ఉత్తరం మా వీధి డాక్టరుకి చూపించాను. చిన్నప్పుడు అలాంటి జ్వరంలో ఫిట్స్ వచ్చిన కొందరికి ఇలాంటి మచ్చ ఉంటుందన్నాడు. నీది దానివల్లేనని ఖాయంగా చెప్పలేనన్నాడు.

ఉన్న ఒక్క అమ్మనీ నీ దగ్గర్నుంచి లాక్కుంటున్నానని తెలుసు. నాకూ ఏడుపొచ్చింది. అప్పటికి నేనూ చిన్నపిల్లనే. ఏం చెయ్యాలో తెలియక చెయ్యి వేశాను, అంతే. అది ఇన్నాళ్ళూ నీకు అమ్మయిందా?

నీ తల, నీ ఇష్టం. కానీ అమ్మకోసమని ఆ మచ్చని అట్టిపెట్టుకోకు. ఆ చెయ్యి ఎక్కడికీ పోలేదే, ఈ ఉత్తరం రాస్తున్నది అదే. రేపే బయలుదేరుతున్నాను. ఆపరేషన్ అయి నువ్వు కళ్ళు తెరిచేసరికి నీ నుదుటి మీదే ఉంటుంది. తొడుగు కూడా తెస్తున్నాను.

అక్క