నోరు మూసుకుని తినే మిఠాయి

మాగ్డెబర్గ్

హైమావతికి,

దీవెనలు. ఇక్కడ నేనూ మన మనవరాలు కావ్యశ్రీ బాగానే ఉన్నాం. నీ మోకాళ్ళ సంగతి ఈసారీ రాయలేదు, అంటే తగ్గలేదన్నమాట. ఇక్కడ చలి లేదు. అయినా నువ్వు చెప్పావని స్వెట్టరు విప్పలేదు.

నువ్వడిగిన రెండు ప్రశ్నల్లో మొదటిదానికి జవాబు, కొట్టు మానొద్దు.

కిందటేడు మన ఊళ్ళో, బాగాన్ దాతో పసార్ మాలంలో నీ బల్ల పక్కన నిలబడి పిల్ల అన్న మాట నీకింకా గుచ్చుకుంటోందని తెలుసు. "మా వయసువాళ్ళు ఈ పచ్చ ఉండలు తినరు నానమ్మా, మానెయ్" అంది. పక్క కొట్టులో చీజు పుల్లల కోసం మలయు పిల్లలే బారులు తీరి ఉంటే నేను మాత్రం ఏమనను.

మొన్న శనివారం ఇక్కడ పిల్ల కాలేజీ విద్యార్థులు కూడా పసార్ మాలం లాగే రాత్రి సంత పెట్టారు. రాత్రి అనడమే గాని తొమ్మిదైనా ఎండ పోలేదు. అందులో మన పిల్ల ఒండే ఒండే అమ్మింది, అవే నీ పచ్చ ఉండలు. అవును, తనే చేసింది. నీకు నేర్పిన జైనబ్ అక్కే దానికీ ఫోనులో నేర్పింది. బెల్లం నేను మన ఊరి నుంచి తెచ్చిందే. కొబ్బరి ఇంట్లోనే కోరింది.

మొదట వచ్చిన జర్మను కుర్రాడు ఉండని ఫోర్కుతో రెండు ముక్కలు చేశాడు. లోపలి పాకం చిమ్మి తెల్లచొక్కా మీద పడింది. వెనకవాళ్ళు మెల్లిగా జారుకున్నారు. "చెప్పాను కదా తాతా, తినరు" అంది పిల్ల. ఈసారి ఆ మాట అంటూ పళ్ళెం మీద మూత పెట్టబోయింది.

నాకు వాళ్ళ భాష రాదు. వచ్చినా మాట్లాడను, నీకు తెలుసు. లేచి వెళ్ళి ఆ కుర్రాడి ముందు ఒక ఉండ మొత్తం నోట్లో వేసుకున్నాను. పెదాలు మూసి, వేలితో చూపించి, అప్పుడు కొరికాను. వాడూ అలాగే చేశాడు. లోపల పాకం పగిలినప్పుడు వాడి కళ్ళు నువ్వు చూడాల్సింది.

పిల్ల స్నేహితురాలు షీరీన్, హైదరాబాదు అమ్మాయి, "తాతా, గివి మా అమ్మికి పంపాలె. నా నోరు మూయించనీకి ఇన్నేండ్లసంది తిప్పలు పడ్తున్నది" అంది. ఆ తరవాత తిన్నవాళ్ళే కొత్తవాళ్ళకి పెదాల మీద వేలు పెట్టి చూపించారు. పళ్ళెం ఖాళీ అయింది. నా ప్రాణం కుదుటపడింది. చొక్కా ఉతికిస్తానంటే వద్దని ఆ కుర్రాడు ఇంకో రెండు పట్టుకుపోయాడు.

ఇక రెండోది. కొబ్బరి కోరాము కనబడటం లేదు, జైనబ్ వాళ్ళది అడిగి తెచ్చుకుంటున్నానని రాశావు. ఇల్లంతా గాలించి ఉంటావు. వెతకకు. అది నా పెట్టెలో వచ్చింది. పిల్లే తెమ్మంది, నీకు చెప్పొద్దంది. ఎవరూ తినకపోతే నిన్ను రెండోసారి బాధపెట్టినట్టవుతుందని దాని భయం. జైనబ్‌కీ తెలుసు. ఆవిడనేమీ అనకు.

వచ్చేటప్పుడు తిరిగి తెద్దామనుకున్నాను. నిన్న అడిగితే, కడిగి తుడిచి తన అల్మరాలో పెట్టేసుకుంది. "నానమ్మని కొత్తది కొనుక్కోమను" అంది.

కొనుక్కో.

ఇట్లు,
కావ్యశ్రీ తాత
గంగాధరరావు