ఐదు బోల్టుల రిమ్ము, అక్క గాజులు

బిషాన్, సింగపూర్
ఆదివారం

ప్రియమైన అక్కకు,

తమ్ముడు రాంబాబు నమస్కరించి రాసేది. నేనిక్కడ కులాసాగానే ఉన్నాను. నువ్వూ, బావగారూ, చిన్నీ బాగున్నారని నమ్ముతున్నాను. బావగారి నడుం నొప్పి తగ్గిందా? షాపులో టైర్లు ఎత్తవద్దన్నానని చెప్పు. నా మాట వినరని తెలుసు, అయినా చెప్పు.

నా తిండి గురించి బెంగపడకు. ఫ్లాట్‌లో నలుగురం తెలుగువాళ్లమే, వంతులేసుకుని వండుకుంటున్నాం. నా వంతు రోజున మాత్రం మిగతా ముగ్గురికీ ఎందుకో బయట పని పడుతుంది. మధ్యాహ్నాలు ఆఫీసు కింద హాకర్ సెంటర్‌లో, అంటే వరసగా తిండి దుకాణాలుండే చోట, తింటాను. అక్కడ బల్ల మీద టిష్యూ ప్యాకెట్ పెట్టి వెళ్తే చాలు, ఆ చోటు మనదే. మన బస్సులో తువ్వాలు వేసినట్టే. సాయంత్రమయ్యేసరికి వాన. ఆదివారాలు కాస్త దిగులుగా ఉంటుంది, అబద్ధమెందుకు. కానీ బాగానే ఉన్నాను.

ఇక అసలు సంగతి. అమెరికాలో కారు రిమ్ములు అమ్మే ఒకాయన కోసం మా కంపెనీ వెబ్‌సైటు చేస్తోందని రాశాను కదా. ముప్పై ఏళ్ల కిందటి కార్లు, పొడుగు ముక్కు, పెద్ద ఇంజను, మజిల్ కార్లంటారు. వాటి ఓనర్లు కారుతో వచ్చిన రిమ్ములు తీసేసి నచ్చినవి వేయించుకుంటారు. ఏ కారుకు ఏ రిమ్ము నప్పుతుందో, ఏది సరిగ్గా పడుతుందో మా వెబ్‌సైటు చెప్పాలి. ఇంటర్వ్యూలో "మాది ఆటోమొబైల్ ఫ్యామిలీ" అని కోతలు కోసిన పాపానికి ఆ పని నా నెత్తిన పడింది. మా బాస్ టాన్ గారు మొహం మీదే చెప్పారు. "సోమవారం ఆ అమెరికా ఆయన వస్తున్నాడు. ఆయనకు నచ్చితే నువ్వుంటావు. లేకపోతే నీ పాస్ పొడిగించలేను లా." ఆ "లా" ఇక్కడివాళ్ల ఊతపదం, పాస్ అంటే ఇక్కడ పనిచేసే అనుమతి.

నీకు ఆ కార్ల ఫొటోలు పంపింది అందుకే. నీ జవాబు కిందటి వారం గురువారం అందింది. ట్రైన్‌లో చదువుకుని ఒక్కణ్ణే నవ్వుకున్నాను. ఎర్ర కారుకు మరీ పెద్ద రిమ్ము పెడితే టైరు రిబ్బనులా మిగులుతుందనీ, ఐదు పుల్లలది చాలనీ, వెనక వెడల్పుదీ ముందు సన్నదీ వేస్తే బండి ఉరకబోతున్నట్టు ఉంటుందనీ రాశావు. నల్ల కారుకు మెరుపులొద్దు, మధ్యలో బూడిద రంగు వేసి అంచు మెరిపిస్తే చాలన్నావు. ఆ కార్లను జన్మలో చూడని నువ్వు రాసిందీ, ఆ రిమ్ముల ఆయన అమెరికా నుంచి పంపిన పుస్తకంలో ఉన్నదీ ఒక్కటే.

చివర్లో మాత్రం తిట్టినట్టు రాశావు. "ఐదు బోల్టులది జాగ్రత్త. ఎదురు బోల్టు ఉండదు. పావంగుళం తేడా కంటికి ఆనదు, బిగించేటప్పుడు ఏడిపిస్తుంది."

అది చదివాక నేరుగా ఆఫీసుకెళ్లి చూశాను. ఎర్ర కారు బోల్టుల వలయం నాలుగున్నర అంగుళాలు, నల్ల కారుది నాలుగు ముప్పావు. నేనేమో కంప్యూటర్‌లో పూర్తి అంకెలే పట్టేట్టు రాసిపెట్టాను. అది రెండింటినీ ఐదు చేసి, ఎర్ర కారుకు నల్ల కారు రిమ్ములు చూపిస్తోంది. మన షాపులో జీపు రిమ్ములు కొలుస్తూ పెరిగినవాణ్ణి, సిగ్గుతో చచ్చిపోయాను. టాన్ గారికి చెప్పేశాను. ఆయన తిట్టలేదు. శుక్రవారం, శనివారం కూర్చుని ప్రతి కారు కొలతా సరిచేశాను.

కొలిచే పద్ధతికి కూడా ఒక పేజీ పెడదామన్నాను. బొమ్మలు వేసే మేయ్ అనే అమ్మాయికి చెప్పబోతే నోట్లోంచి మొదట వచ్చిన మాట, "ముందు గాజులు పైకి తోసుకోవాలి" అని. తర్వాతే ఒక బెజ్జం మధ్యలో టేపు పెట్టడం, పక్కది వదిలేసి ఆ తర్వాతి బెజ్జం అవతలి అంచుదాకా లాగడం. మేయ్ నవ్వలేదు. ఎన్ని గాజులు, ఏ రంగువని అడిగింది. నాలుగు, ఆకుపచ్చవని చెప్పాను. బొమ్మలో టేపు పట్టుకున్న చేతికి అవే వేసింది.

మొన్న సోమవారం ఆ అమెరికా పెద్దాయన వచ్చి, తన సొంత కారు వివరాలే కొట్టి చూశాడు. మొదట వచ్చిన రిమ్మే ఆయన కారుకున్నదట. తర్వాత కొలత పేజీ తెరిచి, ఈ చేతికి గాజులేమిటని అడిగాడు. టాన్ గారు తీయించేస్తామని లేవబోయారు.

నేను చెప్పాను. "నాకు కొలవడం నేర్పిన చెయ్యి అది. మా అక్కది. ఆమెకు రిమ్ముల షాపుంది."

ఆయన అలాగే ఉంచమన్నాడు. నా పాస్ పొడిగిస్తున్నారు, అక్కా.

ఒకటి చెప్పాలి. కాలేజీ రోజుల్లో నా స్నేహితులు మన షాపు ముందు నుంచి వెళ్తుంటే టైర్ల వెనక దాక్కున్నాను. నువ్వు చూశావు. ఆ సాయంత్రం ఏమీ అనకుండా అన్నం పెట్టావు. ఆ రోజు తలుచుకుంటే ఇప్పటికీ బాధగా ఉంటుంది. మొన్న అందరి ముందూ మా అక్క అని చెప్పాక కొంచెం తగ్గింది.

ఈసారి కందిపొడి కాస్త ఎక్కువ పంపు. పెద్దమ్మకూ బావగారికీ నా నమస్కారాలు, చిన్నికి ముద్దులు. నీ దీవెన నాకెప్పుడూ ఉండాలి.

వెబ్‌సైటు చిరునామా వేరే కాగితం మీద రాసి పెట్టాను. చిన్నిని తీసుకుని ఇంటర్నెట్ సెంటర్‌కు వెళ్లు. అక్కడ నెట్ నెమ్మది, కొలత పేజీలో బొమ్మ పైనుంచి కొద్దికొద్దిగా దిగుతుంది. ముందు రిమ్ము, తర్వాత టేపు, ఆ తర్వాత వేళ్లు. గాజులు వచ్చేదాకా కుర్చీలోంచి లేవకు.

నీ తమ్ముడు,
రాంబాబు