అలల్లోకి దిగిన అమ్మ

కేథరిన్‌కు అమ్మ ఆశీస్సులు.

ఫోన్లో అయితే ఈ మాట అడగలేను, అందుకని రాస్తున్నాను. మొన్న ఆదివారం అమ్మమ్మ జ్ఞాపకార్థ కూడికలో నువ్వు చెప్పిన మాటలకి చర్చిలో అందరూ నవ్వారు, కళ్ళు తుడుచుకున్నారు. నాకు మాత్రం నీ మీద అసూయ పుట్టింది.

అమ్మమ్మ చీర ఎగ్గట్టి, నీ చెయ్యి పట్టుకుని, పాడుతూ అలల్లోకి దిగేదన్నావు. ఆ మనిషి నాకు తెలియదు. నాకు తెలిసిన అమ్మ ఆసుపత్రిలో నైట్ డ్యూటీ చేసి వచ్చేది. బీచికి తీసుకెళ్ళమని నేను మారాం చేస్తే, "ఏటే నీ గోల? కాసేపు తొంగోనీ నన్ను" అని అటు తిరిగి పడుకునేది.

కూడిక అయ్యాక ప్రేమలీల పిన్ని దగ్గర ఈ మాటే అన్నాను. "మీ నాన్న పోయాక నిన్ను పెంచడంతోనే అక్క వయసైపోనాది. నవ్వడానికి కాళీ దొరికేతలికి ఒళ్ళో నీ కూతురుంది" అంది.

అర్థమైంది. అయినా కడుపుమంట చల్లారలేదు. నాకు రావాల్సిన నవ్వులు కూడా నీకే ఇచ్చేసిందనిపిస్తోంది.

నువ్వొచ్చినప్పుడు ఒక్కటి చెప్పు. ఆ నీళ్ళలో నిలబడి ఎప్పుడైనా నా పేరెత్తిందా? ఎత్తకపోతే ఎత్తలేదనే చెప్పు. నా మనసు కోసం కల్పించకు.

మీ అమ్మ