తుంపర గుడ్డకు రెండు కంతలు

ప్రియమైన బుడంకాయకి,

యాభై దాటినా నాకు నువ్వు బుడంకాయవే, మూతి ముడుచుకోకు. కిందటి వానాకాలం నది మలుపు దగ్గర అల మీదపడితే, పడవలో నడుంలోతు నీళ్లలో కూర్చుని మగ్గుతో తోడుకున్నాం గుర్తుందా? ఈసారి అలా వెనక్కి తిరగొద్దు. నది సముద్రంలో కలిసేచోటు చూడాలని చిన్నప్పటి నుంచి అనుకుంటూనే ఉన్నాం. లారీలకు టార్పాలిన్లు కుట్టే చేతులు నీవి, మన దోనెలోకి నీళ్లు చిమ్మకుండా ఒక తుంపర గుడ్డ కుట్టలేవా? పడవంతా కప్పేసి, మనిద్దరం కూర్చోవడానికి రెండు కంతలు వదిలితే చాలు.

పాత దుప్పటి ఒకటి పడవ మీద పరిచి అంచు వెంట సుద్దతో గీశాను. అది పాతది కాదని మీ వదిన గొడవ. నా నడుం చుట్టూ తాడు కట్టి కొలత దగ్గర ముడి వేశాను. రెండూ పంపుతున్నాను.

ఇట్లు,
ముందు సీటు అన్నయ్య


ప్రియమైన అన్నయ్యకు,

దుప్పటి అందింది. కొత్తదే, నేను వదిన పక్షం. పని అయ్యాక షాపులోనే గుడ్డ పరిచి కత్తిరించాను. పడవ పక్కల మీదికి దిగి టిచ్ బటన్లతో పట్టుకోవాలి కదా, అంచుకి నాలుగు వేళ్లు ఎక్కువే వదిలాను. మడత మీద మడత వేసి కుట్టి, సూది బెజ్జాల మీద జిగురు పూస్తున్నాను. మా యజమాని చూసి, "ఇంత చిన్న లారీ ఎవరిదమ్మా?" అన్నాడు.

నీ తాడు మాత్రం నమ్మబుద్ధి కావడం లేదు. వదిన నడుం కొలిచావా ఏమిటి? తాను దూర కంత లేదు, మెడకో డోలు అన్నట్టు, ఆ బొజ్జతోపాటు టిఫిన్ డబ్బా కూడా ఒళ్లో పెట్టుకునే మనిషివి. మళ్లీ కొలిచి పంపు.

ఇట్లు,
వెనక కూర్చుని నీ వీపు చూసే చెల్లి


ప్రియమైన బుడంకాయకి,

మళ్లీ కొలిచాను. ఈ తాడు ఇంకాస్త పొట్టిగా ఉందని కంగారుపడకు, తీపి మానేశాను. డాక్టరు కూడా మెచ్చుకున్నాడు.

ఒక్క మాట. కంత చుట్టూ లేచే గుడ్డని నడుముకి కట్టుకునేటప్పుడు గట్టి ముడి పనికిరాదు. పడవ బోల్తా పడితే నీళ్ల కింద ముడి విప్పుకుంటూ కూర్చోలేం. జారుముడే ఉండాలి, ఒక్కసారి లాగితే ఊడిపోవాలి. ఇది నవ్వులాట కాదు.

జవాబు ఆలస్యమైనందుకు తిట్టకు. చేతిరాత వంకరపోయినందుకు కూడా.

ఇట్లు,
తీపి మానిన అన్నయ్య


ప్రియమైన అన్నయ్యకు,

గుడ్డ పార్సిల్ చేశాను. కంతలకి కొలత పెట్టలేదు. పైజామాకి ఎక్కించినట్టు చుట్టూ బొందు ఎక్కించాను. వదులు చేస్తే నీ పాత బొజ్జ పడుతుంది, లాగితే ఎంత సన్నటి మనిషికైనా బిగుస్తుంది. ఇంక కొలవకు. మూడో తాడు పంపొద్దు.

సెలవు అడిగాను, ఇస్తామన్నారు.

ఇట్లు,
నీ బుడంకాయ


ప్రియమైన చెల్లాయికి,

గుడ్డ అందింది. షెడ్డులో పడవకి బటన్లు బిగించి, లోపల కూర్చుని, మీ వదిన చేత బకెట్లతో నీళ్లు పోయించాను. కాళ్లకి తడి తగల్లేదు. బొందు బిగిసేదాకా లాగుతూనే ఉన్నాను. అది చూడలేక మీ వదిన బకెట్ వదిలేసి లోపలికి వెళ్లిపోయింది.

నీ దగ్గర దాచాను. కడుపులో గడ్డ. కోయడానికి వీల్లేదన్నారు. నాకు భయంగా ఉంది, చెల్లాయ్. తెడ్డు ఎత్తే సత్తువ లేదు, నేను రాలేను. నువ్వు మాత్రం వెళ్లు. నాకోసం నువ్వు కూడా ఆగిపోతే ఆ సముద్రం మనిద్దరికీ లేనట్టే.

నేను లేకపోతే పడవ ముక్కు పైకి లేస్తుంది, ముందు ఇసుక బస్తా పెట్టుకో. ముందు కంత బొందు పూర్తిగా లాగి మూసెయ్. అక్కడి నుంచి ఉత్తరం రాయి. దానికోసం చూస్తుంటాను.

ఇట్లు,
గట్టున మిగిలిన అన్నయ్య


ప్రియమైన అన్నయ్యకు,

చదివే ఓపిక లేకపోతే వదినతో చదివించుకో. పడవ తీసుకోవడానికి వచ్చిన రోజు నీ మంచం పక్కన కూర్చుని వానల గురించి మాట్లాడి లేచొచ్చాను. చెప్పాల్సింది నోరు దాటలేదు.

మొదటి తాడు చూసినప్పుడే నాకు తెలిసింది. నీ కూతురి పెళ్లికి నీ ప్యాంటు కుట్టింది నేనే కదా, నీ నడుం నాకు తెలియదా? అడిగితే నువ్వు చెప్పాల్సి వస్తుందని వేళాకోళం ఆడాను. బొందు ఎక్కిస్తూ మెషిన్ మీద తల పెట్టి ఏడ్చాను.

మలుపు దాటాను. అల గుడ్డ మీద పడి పక్కకి జారిపోయింది. లోపల చుక్క లేదు. పోనుపోను నది వెడల్పయి, ఒకచోట ఏది నదో ఏది సముద్రమో తెలియకుండా పోయింది. దోసిట్లో నీళ్లు తీసుకుని నోట్లో పోసుకున్నాను, ఉప్పగా ఉన్నాయి. వచ్చేశామని చెప్పబోయాను. ఎదురుగా నీ వీపు లేదు.

ముందు కంత నువ్వు చెప్పినట్టే పూర్తిగా మూశాను. లోపల ఎవరూ లేరని తెలుసు. అయినా గట్టి ముడి వేయడానికి చేతులు రాలేదు. జారుముడే వేశాను.

ఇట్లు,
వెనక సీటు చెల్లి